మడుగు అడుగు

గుట్టకింద అని ఒక ఊరు. ఇప్పుడక్కడ గుట్ట లేదు. గుట్ట ఉన్న చోట మూడు తాటిచెట్ల లోతు గొయ్యి ఉంది. వానాకాలంలో అందులో పాచినీళ్లు నిలుస్తాయి, ఎండాకాలంలో దుమ్ము లేస్తుంది. ఆ గుట్టంతా నల్లరాయి. ఓబులేసు తాత పడుచువాడుగా ఉన్నప్పుడు మొదటి లారీ వచ్చింది. ఓబులేసు పుట్టేనాటికి చివరి లారీ వెళ్లిపోయింది. మధ్యలో ఊరు బాగానే బతికింది. మిద్దెలు లేచాయి. పెళ్లికి మూడు రోజులు మైకులు మోగాయి. పట్నంలో ఊరి పేరు మీద ఒక సత్రం కూడా కొన్నారు. రాయి అయిపోయాక సత్రం అమ్ముకున్నారు, మిద్దెలు తాకట్టు పెట్టుకున్నారు.

గుట్ట ఉన్నన్నాళ్లూ దాని నీడలో మేకలు పడుకునేవి. దాని వాలున సీతాఫలాలు కాసేవి. సాయంత్రపు ఎండ ఊరిని తాకేది కాదు. ఇవేవీ ఎవరి లెక్కల పుస్తకంలోనూ లేవు. అందుకే పోయినట్టు కూడా ఎవరూ రాసుకోలేదు.

ఊరికి మైలున్నర దూరంలో మడుగు. ఏడు ఊళ్ల పొలిమేరలు అక్కడ కలుస్తాయి. చుట్టూ బండలు, మధ్యలో గిన్నెలాగా లోతైన నీళ్లు. అడుగున ఊటలుండటం వల్ల ఏ కరువులోనూ ఎండలేదు. వరద దారి వేరు కాబట్టి బురదనీళ్లు అందులోకి దిగవు. పక్కన చిన్న కాలువ, ఆ కాలువ నీళ్లే ఏడు ఊళ్ల బిందెల్లోకి. నాలుగు మంచాల నులక ముడేసి రాయి కట్టి వదిలినా అడుగు తగల్లేదని పెద్దలు చెప్పేవారు. పెళ్లయిన ప్రతి జంటా వచ్చి ఒడ్డున పసుపు కుంకుమ పెట్టి పోయేది. మడుగు ఎవరిదంటే ఏడు ఊళ్లదీ అనేవారు.

ఒకసారి చేపల వలకు అడుగునుంచి ఒక నల్లటి గడ్డ తగులుకుని వచ్చింది. అరచేతిలో పడుతుంది. కాల్చిన చిలగడదుంపలా ఉంది, పైన మొటిమలు, చూసినదానికంటే బరువు. పిల్లలు కొన్నాళ్లు దానితో ఆడుకున్నారు. పట్నంనుంచి వచ్చిన ఒక కాంట్రాక్టరు దాన్ని జేబులో వేసుకుపోయి, నెల తిరక్కుండా జీపులో తిరిగొచ్చాడు. ఆ గడ్డలో రాగి ఉందట. అలాంటివి మడుగు అడుగున పరిచినట్టు ఉన్నాయట.

రచ్చబండ దగ్గర ఆయన నిలబడి నెమ్మదిగా మాట్లాడాడు. అరవలేదు, బెదిరించలేదు.

"గుట్ట తవ్వితే చెట్లు పోయినాయి, మేకలు పోయినాయి, మీ రొమ్ముల్లో దుమ్ము చేరింది. నేను కాదనను. కానీ మడుగు అడుగున చెట్టు లేదు, మేక లేదు, ఇల్లు లేదు. చీకటి, బురద. ఆ బురదలో రాళ్లు ఊరికే పడున్నాయి. వాటితో తీగలు చేస్తే ఇంటింటికీ కరెంటు. ఇంకో ఊళ్లో ఇంకో గుట్టను తవ్వాల్సిన పని ఉండదు. మీకు జరిగిన అన్యాయం మరో ఊరికి జరగదు."

చివరి మాట దగ్గర చాలామంది తలలు ఊపారు. గుట్టను పోగొట్టుకున్నవాళ్లకు ఆ మాట ఎంత తగులుతుందో ఆయనకు తెలుసు.

ఏడు ఊళ్ల మధ్య పాత కట్టుబాటొకటి ఉంది. మడుగును ముట్టుకోవాలంటే ఏడు ఊళ్లూ కూర్చుని షరతులు రాసుకోవాలి. అందులోనే చివర ఒక చిన్న వాక్యం. ఏదైనా ఒక ఊరు ముద్ర వేసి కాగితం పెడితే, రెండు పంటలలోగా షరతులు రాయాలి. రాయలేకపోతే, ఉన్నదాన్ని బట్టే కాగితాన్ని విచారించాలి. కాంట్రాక్టరుకు ఏడు ముద్రలు అక్కర్లేదు, ఒకటి చాలు. ఆ ఒక్కటీ ఎక్కువ అప్పున్న ఊళ్లో దొరుకుతుంది.

సర్పంచి చెన్నప్ప చెడ్డవాడు కాదు. ఆయన కళ్ల ముందు తాకట్టు మిద్దెలున్నాయి, పనికి వలసపోయే పిల్లలున్నారు. ముద్ర తీయడానికి లోపలికి వెళ్లబోతుంటే నాగమ్మవ్వ పిలిచింది.

"చెన్నప్పా, ఆ రాయి మీద ఏముండాది?"

"ఏముంటాదవ్వా, నీళ్లుంటాయి."

"చూసినావా?"

"అంత లోతున చీకట్లో ఎట్ల చూసేది?"

"ఈయప్ప చూసినాడా?"

కాంట్రాక్టరు నవ్వి, చూడాల్సిందేముంది తల్లీ అన్నాడు. అవ్వ మళ్లీ అదే అడిగింది. రాయి మీద ఏముండాది? ఆ రోజు ముద్ర పడలేదు. ముందు ఒక చాలు దున్ని చూద్దామని ఏడు ఊళ్ల పెద్దలూ ఒప్పుకున్నారు. ఒకే ఒక్క చాలు.

పొలంలో వాడే గుంటకే తెచ్చారు, ఇనపపళ్లది. అందులో ఎడమనుంచి మూడో పన్ను విరిగి ఉంది. దాన్ని బాగుచేసే తీరిక ఎవరికీ లేకపోయింది. బండరాళ్లు కట్టి బరువు చేసి రెండు తెప్పల మధ్యనుంచి అడుగుకు దించారు. ఓబులేసుకు అప్పటికి పన్నెండేళ్లు. మోకుకొస పట్టుకోమని వాడికిచ్చారు. గుంటక కదలగానే మోకు వణికింది. కింద ఏదో మెత్తగా తెగుతున్నట్టు, మధ్యమధ్య గట్టిదేదో తగిలి జారుతున్నట్టు, ఆ వణుకు మోచేతిదాకా వచ్చింది. ఆ వెనకే గాలంబుట్ట వేసి ఒక గంపెడు గడ్డలు పైకి లాగారు.

కాసేపటికి నీళ్లు మారాయి. ముందు అడుగునుంచి పొగలాంటిది లేచింది. అది పాలలో పడిన డికాషనులా మెల్లగా విచ్చుకుంటూ ఒడ్డుదాకా పాకింది. సాయంత్రానికి కాలువ ఎర్రబడింది. ఆ రాత్రి అవ్వ చిల్లగింజను గరుకురాయి మీద అరగదీసి గంధం బిందెలో కలిపింది. పొద్దునకు పైన నీళ్లు తేటబడి, అడుగున రెండు వేళ్ల మందాన మట్టి పేరుకుంది. ఓబులేసు బిందెలోకి తొంగిచూసి అడిగాడు, "అవ్వా, మడుక్కు ఎన్ని గింజలు కావాల?"

అవ్వ రెండో బిందెకు గింజ అరగదీస్తూనే ఉంది.

నాలుగైదు రోజులకు మడుగు పైన తేరుకుంది. చూశారా, ఏమీ కాలేదన్నాడు కాంట్రాక్టరు. ఊరు కూడా అలాగే అనుకుంది. ఈలోగా రాగి ధర పడిపోయింది. జీపు మళ్లీ రాలేదు. ముద్ర పడని కాగితం చెన్నప్ప పెట్టెలో, గంపెడు గడ్డలు గుడి మంటపంలో మిగిలాయి.

ఇరవయ్యారేళ్లు గడిచాయి. చెన్నప్ప పోయాడు, అవ్వ పోయింది. ఓబులేసు సర్పంచి అయ్యాడు. అప్పు మాత్రం పోలేదు, పేర్లు మార్చుకుని అలాగే ఉంది. రాగి ధర మళ్లీ లేచింది. కాంట్రాక్టరు కొడుకు కారులో వచ్చాడు, అదే కాగితం, మాటలు కూడా దాదాపు అవే. మా నాయన ఇక్కడే ఒక చాలు దున్నించాడు కదా, ఏం నష్టం జరిగింది మామా, అన్నాడు.

ఓబులేసు కూతురు పట్నంలో చదువుతోంది. నీళ్లు చొరబడని ఒక చిన్న కెమెరా, దానికి కట్టిన లైటు తెచ్చింది. మోకుకు కట్టి మడుగులోకి వదిలారు. ఏడు ఊళ్లవాళ్లూ ఒడ్డున గుమిగూడి చిన్న తెర చుట్టూ తలలు చేర్చారు. చాలాసేపు నలుపు తప్ప ఏమీ లేదు. తర్వాత అడుగు కనిపించింది. గోరింటాకు ముద్దంత మెత్తటి మట్టి, అందులో సగం కూరుకుని నల్లటి గడ్డలు. ప్రతి గడ్డ మీదా ఏదో ఒకటి ఉంది. ఒకదాని మీద గొట్టాలు, ఒకదాని మీద విసనకర్రలాంటిది, ఇంకోదాని మీద మెంతిమొలకంత సన్నటి తెల్లటి కాడ. ఆ కాడకు పిడికెడు గుడ్లు. గుడ్లను చుట్టుకుని పాలిపోయిన చిన్న జీవి ఒకటి, లైటు పడినా కదల్లేదు.

కూతురు మోకును పక్కకు జరిపింది. తెర మీద గీతలు వచ్చాయి. కల్లాపి చల్లిన వాకిట్లో చీపురు గీసినట్టు, తిన్నగా, పక్కపక్కనే. అంచులు కూడా విరగలేదు. ఓబులేసు వేలు పెట్టి లెక్కపెట్టాడు. ఒకటి, రెండు. తర్వాత ఖాళీ. విరిగిన మూడో పన్ను ఖాళీ ఇరవయ్యారేళ్లుగా అక్కడ అలాగే ఉంది. ఆ చాలు పొడుగునా గడ్డలు లేవు, కాడలు లేవు, గుడ్లు లేవు. మన్ను మాత్రం ఉంది.

ఎవరూ మాట్లాడలేదు. కాంట్రాక్టరు కొడుకూ మాట్లాడలేదు. కాసేపాగి, మేం పళ్లగుంటక వాడం మామా, ఇప్పుడు మంచి యంత్రాలున్నాయి, పైపైనే తీస్తాం అన్నాడు.

ఓబులేసు మంటపంలోంచి గంప తెప్పించాడు. గడ్డలు దుమ్ము పట్టి, కొన్ని పొడిబారి పగిలిపోయి ఉన్నాయి.

"మీ నాయన తీసినవి ఇవే. తీసుకుపోయి ఎక్కడివి అక్కడే పెట్టు. వాటి మీద కాడలు లేచినాక, కాడల మీద గుడ్లు చేరినాక కాగితం తీసుకురా. ముద్ర నేనే వేస్తా."

కుర్రాడు ఒక గడ్డ తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఏది ఎక్కడిదో ఎట్ల తెలుస్తాది మామా?"

"నాకూ తెలీదు నాయనా," అన్నాడు ఓబులేసు.

ఆ శుక్రవారం వడ్డీ కట్టాల్సిన రోజు. ఊరు దాని గురించి ఆలోచించడానికి వెనక్కి నడిచింది.

నీతి

చూడని చోటును ఖాళీ చోటు అనుకోకూడదు. తిరిగి పెట్టలేనిదాన్ని అప్పు తీర్చుకోవడానికి తీయకూడదు.

ఈ కథలో నేను కల్పించింది తక్కువ. మడుగును సముద్రం చేసి, రాగిని అలాగే ఉంచి, నికెల్, కోబాల్ట్, మాంగనీసు కలిపితే మిగతాదంతా జరిగిందే, జరుగుతున్నదే.

గుట్టకింద అనే ఊరు పసిఫిక్ మహాసముద్రంలో ఉంది. పేరు నౌరు. మొత్తం 21 చదరపు కిలోమీటర్ల ద్వీప దేశం. ఆ నేలలో ఉన్న ఫాస్ఫేటును ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే తవ్వడం మొదలుపెట్టారు. అది ఎరువుగా మారి ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ పొలాలను పచ్చగా ఉంచింది. 1968లో స్వాతంత్ర్యం వచ్చాక నౌరు కొన్నేళ్లు తలసరి సంపదలో ప్రపంచంలోనే ముందు వరసలో నిలిచింది. మెల్‌బోర్న్‌లో పెద్ద భవనం కట్టుకుంది, 2004లో దాన్ని అమ్ముకుంది. ద్వీపంలో దాదాపు 80 శాతం నేల ఇప్పుడు పళ్లూడిన దవడలాంటి రాతి మొనలు. పంట పండదు, ఇల్లు కట్టలేరు. జనంలో చాలామంది అంచున ఉన్న సన్నటి తీరంలోనే బతుకుతున్నారు.

ఆ దేశాన్ని తప్పు పట్టడానికి నాకు మనసు రాదు. నేలను ఇతరుల పొలాలకు ఎరువుగా ఇచ్చి, ఇప్పుడు సముద్రమట్టం పెరుగుతుంటే వెనక్కి జరగడానికి చోటు లేని జనం వాళ్లు. 2021 జూన్‌లో కాగితం మీద ముద్ర వేసింది ఆ దేశమే. కెనడాలో కేంద్రమున్న ది మెటల్స్ కంపెనీకి అనుబంధంగా ఉన్న సంస్థ తరఫున, అంతర్జాతీయ సముద్రగర్భ సంస్థకు నౌరు నోటీసు ఇచ్చింది. జమైకాలోని కింగ్‌స్టన్ కేంద్రంగా పనిచేసే ఈ సంస్థ, ఏ దేశానికీ చెందని సముద్రపు అడుగుకు కాపలాదారు. దాని ఒప్పందంలో కథలోని ఆ చిన్న వాక్యం నిజంగానే ఉంది. సభ్యదేశం అడిగితే రెండేళ్లలో తవ్వకపు నియమాలు పూర్తి చేయాలి. పూర్తి కాకపోయినా, దరఖాస్తు వస్తే పరిశీలించి తీరాలి. 2023 జులైలో ఆ గడువు దాటింది. నియమాలు పూర్తి కాలేదు.

ఏడు ఊళ్ల ఉమ్మడి మడుగు అన్న మాట కూడా నాది కాదు. 1967లో ఐక్యరాజ్యసమితిలో మాల్టా రాయబారి అర్విడ్ పార్డో, సముద్రపు అడుగు మానవజాతి ఉమ్మడి ఆస్తి అని ప్రతిపాదించాడు. చిన్న దేశం నుంచి వచ్చిన పెద్ద ఆలోచన అది. 1982లో కుదిరిన సముద్ర చట్టాల ఒప్పందంలో ఆ మాట చేరింది. అమెరికా మాత్రం ఆ ఒప్పందంలో ఇప్పటికీ చేరలేదు. 2025 ఏప్రిల్‌లో ఆ దేశాధ్యక్షుడు తమ సొంత పాత చట్టం కిందే సముద్రపు అడుగు తవ్వకాలకు అనుమతులు త్వరపెట్టాలని ఉత్తర్వు ఇచ్చాడు. అదే నెలలో ది మెటల్స్ కంపెనీ కింగ్‌స్టన్‌ను వదిలి అమెరికాకే దరఖాస్తు పెట్టింది. అంటే ఏడు ఊళ్ల కట్టుబాటును పక్కన పెట్టి, అందులో లేని ఎనిమిదో ఊరి ముద్ర తెచ్చుకుంటానన్నట్టు.

ఇక మడుగు. హవాయికీ మెక్సికోకూ మధ్య క్లారియన్ క్లిపర్టన్ అనే ప్రాంతం ఉంది. దాదాపు 45 లక్షల చదరపు కిలోమీటర్లు, మన దేశం కంటే పెద్దది. నాలుగు నుంచి ఆరు కిలోమీటర్ల లోతున, సూర్యుడి వెలుగు ఎన్నడూ చేరని చోట, మెత్తటి బురద మీద ఈ లోహపు గడ్డలు పరుచుకుని ఉన్నాయి. 1870లలో ఛాలెంజర్ అనే బ్రిటిష్ నౌక ప్రపంచమంతా తిరిగి సముద్రపు అడుగును గాలించినప్పుడు ఇలాంటి గడ్డలు చాలాచోట్ల మనుషుల చేతికందాయి. ఒక సొరచేప పన్ను చుట్టూనో, గవ్వముక్క చుట్టూనో నీళ్లలో కరిగిన లోహం పొరలు పొరలుగా పేరుకుంటే ఒక గడ్డ తయారవుతుంది. ఎంత వేగంగా అంటే, పది లక్షల ఏళ్లకు కొన్ని మిల్లీమీటర్లు. మన గుప్పిట్లో పట్టే గడ్డ వయసు కోటి ఏళ్ల లెక్కలో ఉంటుంది. ఆ గడ్డ మొదలైనప్పుడు భూమ్మీద మనిషి లేడు.

అంత విశాలమైన బురదలో గట్టినేల అంటే ఈ గడ్డలే. స్పాంజి జీవులు, పగడాలు అంటుకుని నిలవడానికి వాటికింకో చోటు లేదు. కథలో అవ్వ అడిగిన ప్రశ్నకు జవాబు 2016లో ఒక పరిశోధనలో వచ్చింది. పెరూ తీరానికి దూరంగా నాలుగు కిలోమీటర్ల లోతున, గడ్డల మీద లేచి చనిపోయిన స్పాంజి కాడలకు ఆక్టోపస్‌లు గుడ్లు పెట్టి, వాటిని చుట్టుకుని కాపలా కాస్తున్నాయి. కాలిఫోర్నియా తీరంలో అలాంటి మరో లోతునీటి ఆక్టోపస్ ఒకే చోట గుడ్లను 53 నెలలు పొదగడం శాస్త్రజ్ఞులు గమనించారు. దాదాపు నాలుగున్నరేళ్లు. గడ్డ లేకపోతే స్పాంజి లేదు, స్పాంజి లేకపోతే కాడ లేదు, కాడ లేకపోతే ఆ తల్లికి గుడ్లు పెట్టే చోటు లేదు. క్లారియన్ క్లిపర్టన్ ప్రాంతంలో ఐదు వేలకు పైగా జీవజాతులు ఉన్నాయని, వాటిలో దాదాపు 90 శాతానికి శాస్త్రం ఇంకా పేరైనా పెట్టలేదని 2023లో ఒక లెక్క తేలింది. పేరు లేనిదాన్ని పోగొట్టుకుంటే పోయిందని రాసుకోవడానికైనా వీలుండదు. గుట్ట నీడ సంగతీ అంతే.

గుంటక కథ జర్మన్ శాస్త్రజ్ఞులది. 1989లో వాళ్లు పెరూ సమీపంలోని సముద్రపు అడుగున ఎనిమిది మీటర్ల వెడల్పున్న పళ్లగుంటకలాంటి పరికరాన్ని ఓడకు కట్టి లాగారు. తవ్వితే ఏమవుతుందో తెలుసుకోవడానికి, సుమారు 11 చదరపు కిలోమీటర్ల మేర, 78 సార్లు. గడ్డలను పైకి తీయలేదు, మట్టిలోకి పూడ్చారంతే. అప్పటి దృష్టికి అది తేలికపాటి ప్రయోగం. ఇరవయ్యారేళ్ల తర్వాత 2015లో జొన్నె అనే నౌక మళ్లీ అక్కడికి వెళ్లి కెమెరాలు దించింది. చాళ్లు అలాగే ఉన్నాయి. గడ్డల మీద అంటుకుని బతికే జీవులు ఆ చాళ్లలోకి తిరిగి రాలేదు. మట్టిలోని సూక్ష్మజీవుల పని కూడా పూర్తిగా కోలుకోలేదు. అది మునుపటిలా కావడానికి కనీసం 50 ఏళ్లు పడుతుందని వాళ్లు లెక్కగట్టారు. సూక్ష్మజీవులు అంటే అక్కడి వ్యవసాయం. పైనుంచి రాలే చనిపోయిన పాచి, చేపల తునకలే అక్కడి అన్నం. దాన్ని జీర్ణించుకుని మిగతా జీవులకు అందించేవి అవే.

క్లారియన్ క్లిపర్టన్‌లోనే 1979లో ఒక కంపెనీల బృందం నడిపిన ప్రయోగ యంత్రం జాడలను 2023లో బ్రిటన్ శాస్త్రజ్ఞులు వెతికి పట్టుకున్నారు. 44 ఏళ్లయినా జాడలు చెరగలేదు. చిన్న చిన్న కదిలే జీవులు కొన్ని తిరిగి చేరుతున్నాయి, ఆ మంచి మాట కూడా చెప్పాలి. అడుగుకు అతుక్కుని బతికే పెద్ద జీవులు మాత్రం చాలా అరుదు.

మన ఏటిలో ఇసుక తోడినా వరదకు మళ్లీ ఇసుక వస్తుందన్న ఆశ ఉంటుంది. ఆ లోతున వరద లేదు, తుపాను లేదు. వెయ్యేళ్లకు కొన్ని మిల్లీమీటర్ల మట్టి పైనుంచి రాలితే గొప్ప. అందుకే అక్కడి చాలు అంత నిజాయితీగా నిలిచిపోతుంది. తవ్వే యంత్రం గడ్డలతో పాటు పై మట్టినీ పీల్చుకుంటుంది. ఆ మట్టి మేఘంగా లేచి పక్కనున్న ముట్టుకోని నేల మీద కూడా పరుచుకుంటుంది. నీళ్లలోంచి ఆహారాన్ని వడకట్టుకుని బతికే స్పాంజులకు అది నోట్లో మన్ను కొట్టడమే. గడ్డలను ఓడ మీద వేరుచేశాక మిగిలే బురదనీళ్లను మళ్లీ సముద్రంలోకే వదలాలి. ఏ లోతున వదిలినా అక్కడొక లోకం ఉంది. కాంట్రాక్టర్లు చూపించేది పైన తేరుకున్న నీళ్లనే. మనకు చిల్లగింజ తెలుసు కాబట్టి చెబుతున్నాను, మట్టి పేరుకోవడం అంటే మట్టి పోవడం కాదు. కిందున్నవాటి మీద పడటం.

అవతలి వాదాన్ని దాటేసి వెళ్లలేను. పెట్రోలు మానేసి బ్యాటరీల మీద నడవాలంటే లోహం కావాలి. నికెల్ కోసం ఇండోనేషియాలో అడవులు నరుకుతున్నారు. కోబాల్ట్ కోసం కాంగోలో పిల్లలు గనుల్లోకి దిగుతున్నారు. ఇవి కట్టుకథలు కావు, ఆ బాధ నన్నూ నిద్రపోనివ్వదు. కానీ సముద్రం తవ్వితే నేల మీది గని మూతపడుతుందని ఎవరు హామీ ఇచ్చారు? రెండూ తవ్వుతారు. పైగా నికెల్, కోబాల్ట్ రెండూ అక్కర్లేని ఇనుము, ఫాస్ఫేట్ బ్యాటరీలు వచ్చేశాయి, మన రోడ్ల మీద తిరిగే కొన్ని ఎలక్ట్రిక్ కార్లలో ఉన్నవి అవే. రేపు అంతగా అక్కర్లేకుండా పోవచ్చన్న లోహం కోసం కోటి ఏళ్ల గడ్డను తీయడం నాకు ఏ లెక్కలోనూ సబబుగా తోచదు. పలావ్, ఫిజీ, సమోవా వంటి పసిఫిక్ దేశాలు 2022లోనే ఆగమన్నాయి. ఇప్పుడు అలా అంటున్న దేశాలు 30 దాటాయి. ఆ సముద్రంలోనే వాళ్ల ట్యూనా చేప ఉంది, అన్నం ఉంది. 2024 జనవరిలో తన సముద్రాన్ని తవ్వకాలకు తెరిచిన నార్వే కూడా ఆ ఏడాది చివర్లో తొలి లైసెన్సులను ఆపింది.

ఇదంతా దూరపు ముచ్చట అనుకునే వీలు మనకు లేదు. మన దేశపు ముద్ర కూడా ఒకటుంది. 1981 జనవరి 26న గవేషణి అనే మన పరిశోధక నౌక సముద్రపు అడుగునుంచి మొదటి గడ్డలను పైకి తెచ్చింది. 1987లో ఈ రంగంలో తొలి పెట్టుబడిదారు హోదా ప్రపంచంలో అందరికంటే ముందు మనకే దక్కింది. కన్యాకుమారికి దక్షిణంగా, మధ్య హిందూ మహాసముద్ర ప్రాంతంలో 75,000 చదరపు కిలోమీటర్లలో అన్వేషించే హక్కు మనది. దీని మీద అంతర్జాతీయ సంస్థతో 2002లో ఒప్పందం చేసుకున్నాం. 2021లో 4,077 కోట్ల రూపాయలతో డీప్ ఓషన్ మిషన్‌కు కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. అదే ఏడాది చెన్నైలోని సముద్ర సాంకేతిక సంస్థ తన గని యంత్రాన్ని 5,270 మీటర్ల లోతున నేల మీద నడిపి చూసింది. ఆ యంత్రం పేరు వరాహ. మన పురాణంలో వరాహం నీళ్లలో మునిగిన భూమిని కోర మీద నిలిపి పైకి తెచ్చింది, ఎక్కడి భూమిని అక్కడే నిలబెట్టడానికి.

మన వాళ్లు గుంటక కథను పట్టించుకోలేదనను. 1997లోనే గోవా శాస్త్రజ్ఞులు మన ప్రాంతంలో చిన్న చాలు గీసి, ఆ కలతను అధ్యయనం చేయడం మొదలుపెట్టారు. ఆ ఓపిక గౌరవించదగ్గది. సూళ్లూరుపేటనుంచి ఇచ్ఛాపురందాకా సముద్రం మీద బతికే మనవాళ్లకు ఆ పరిశోధనల్లో ఏం తేలిందో తెలుగులో చెప్పినవాళ్లు నాకు కనిపించలేదు. చెప్పాలి. ఉమ్మడి మడుగు అన్నాక ఏడు ఊళ్లవాళ్లూ తెర చుట్టూ తలలు చేర్చి చూడాలి.

అదే మిషన్‌లో మత్స్య 6000 అనే జలాంతర వాహనం తయారవుతోంది. 2.1 మీటర్ల వ్యాసమున్న టైటానియం గోళం, అందులో ముగ్గురు మనుషులు, ఆరు వేల మీటర్ల లోతు, మామూలుగా పన్నెండు గంటల ప్రయాణం. గడ్డలున్న అడుగుదాకా మన మనుషులు తమ కళ్లతో దిగి చూడబోతున్నారు. ఎన్ని టన్నుల గడ్డలున్నాయో లెక్కగట్టడం వరాహకే వదిలేయండి. ఆ ముగ్గురూ పైకి వచ్చి మూత తెరిచినప్పుడు మొదట అడగాల్సింది నాగమ్మవ్వ అడిగిందే.

రాయి మీద ఏముండాది?